శాస్త్రిగారి అరచేయి

గండికొండను ఏలే జగ్గభూపతికి కోపం వస్తే గడియలో చల్లారేది. ఆలోచన వస్తేనే ఊరంతా హడలిపోయేది.

ఒకనాడు నిండు సభలో ఆయనకు ఆలోచన వచ్చింది.

“మా బడిలో పాఠం ఒకటే, పంతులూ ఒక్కరే. మరి పరీక్షలో కొందరికి నూటికి తొంభై మార్కులు, కొందరికి తొమ్మిది. ఎందుకని? కారణం తేల్చినవారికి ఈ బంగారు కంకణం!” అంటూ చేతికున్నది ఊడదీసి పళ్లెంలో పెట్టాడు.

ఆ బడి పెద్ద విశ్వపతి శాస్త్రి. సభకు అందరికంటే చివర రావడం ఆయనకు అలవాటు. ముందొస్తే, లేచి నిలబడడానికి సభలో జనం ఉండరు కదా!

“ప్రభూ, అంతా పుట్టుకలోనే ఉంది,” అన్నాడు శాస్త్రి. “జాతకంలో సరస్వతి ఉంటే చదువొస్తుంది. లేనివాణ్ని గుంజకు కట్టేసినా గుణింతం రాదు. ఆ తొమ్మిది మార్కుల వాళ్లను గొడ్ల కాపలాకు తోలేయండి. మన బడికి మంచి పేరొస్తుంది.”

చెత్త గుమ్మం బయటికి ఊడ్చేసి ఇల్లు అద్దంలా ఉందని చెప్పుకునే విద్య ఈనాటిది కాదు మరి.

రాజు తాంబూలం నములుతూ తలూపాడు. “బాగుంది. ఎల్లుండే తోలేద్దాం.”

పక్కనే ఆకులకు సున్నం రాస్తున్న చిట్టెన్న ఉలిక్కిపడి తలెత్తాడు. రాజుగారికి తాంబూలం అందించే అడపం కొలువు అతనిది. మనవరాలు గంగులు ఆ తొమ్మిది మార్కుల బాపతే. ఇంట్లో తాతకు లెక్కలు నోటితోనే చెప్పే పిల్ల, బడిలో పలక ముట్టుకుంటే మాత్రం ఏడుస్తుంది. ఎందుకేడుస్తుందో ఆ అరచేయి చూసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

“శాస్త్రిగారూ, నాదో మట్టిబుర్ర సందేహం,” అన్నాడు చిట్టెన్న. “బడికి మొదట వచ్చినవాడి చేతిలో ‘శ్రీ’ రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెంచుకుంటూ పోతారు. ఆ దెబ్బలకు చదువు చెడదంటారా?”

“ఓరి వెర్రివాడా! బెత్తం దెబ్బ సరస్వతీ ప్రసాదం. ఎన్ని పడితే బుర్ర అంత పదునెక్కుతుంది!”

“ఎవరికైనా అంతేనా?”

“ఎవరికైనా అంతే. సభాముఖంగా చెబుతున్నాను, పో!”

సభ ముగిశాక రాజుకు తమలపాకు చిలక చుట్టి ఇస్తూ చిట్టెన్న చెవిలో ఏదో ఊదాడు. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాడు తెల్లవారకుండానే నగారా మోగింది. అందరూ ఎంగిలిపడకుండానే పరుగెత్తుకొచ్చారు. సభ గుమ్మంలో సాక్షాత్తూ రాజే నిలబడి ఉన్నాడు. చేతిలో శాస్త్రిగారి బడి బెత్తం!

“ఈ పూట సభ బడి పద్ధతిలో నడుస్తుంది,” అన్నాడు.

మొదట వచ్చిన, సైన్యాన్ని నడిపే దళవాయి వీరన్న, అక్షరాలు కూడబలుక్కునే మనిషి, చేతిలో ‘శ్రీ’ రాయించుకుని మీసం మెలేశాడు. రెండో ఆయనకు సున్న దక్కింది. తక్కినవాళ్లు వరసగా చేతులు చాచి, వరసగా ఊదుకున్నారు.

అందరికంటే చివర, పల్లకీలో, శాస్త్రి దిగాడు.

“ప్రభూ! నాకా?”

“ప్రసాదం వద్దంటే తప్పు కదండీ!” అన్నాడు చిట్టెన్న.

రాజు లోటు చేయలేదు. శాస్త్రికి ముట్టినంత ప్రసాదం ఇంకెవరికీ ముట్టలేదు.

వెంటనే అందరికీ తాటాకులు, గంటాలు పంచారు. పరీక్ష ఏమంటే రాజుగారి బిరుదులు రాయడం. ఆ బిరుదులు కట్టినవాడు శాస్త్రే. దళవాయి రోజూ వాటిని వినేవాడు గనక నాలుక బయటపెట్టి మెల్లగా అన్నీ రాసేశాడు. శాస్త్రి చేతిలో గంటం నిలవలేదు. ఆకు చిరిగింది, మరో ఆకు తీసుకున్నాడు. ఇంతలో వంటశాల వైపు నుంచి నేతి పొంగలి వాసన గుప్పుమంది.

రాజు శాస్త్రి ఆకు అందుకుని పైకి చదివాడు. “శత్రుభయంకర... రణరంగ... నేతి పొంగలి...”

సభ ఘొల్లుమంది.

“నూటికి తొమ్మిది!” అన్నాడు రాజు. “శాస్త్రిగారూ, మీ జాతకంలో సరస్వతి లేనట్టుంది. గొడ్ల కాపలాకు ఎప్పుడు వెళతారు?”

శాస్త్రికి ఒళ్లు మండిపోయింది. “జాతకం ఏం చేస్తుంది మహారాజా! అరచెయ్యి మండుతోంది, కడుపు కాలుతోంది! ఈ స్థితిలో ఆ సరస్వతే దిగొచ్చినా ఒక్క అక్షరం రాయలేదు!”

చిట్టెన్న చటుక్కున పళ్లెం ఎత్తి పట్టుకున్నాడు.

“ప్రభూ, కారణం శాస్త్రిగారే తేల్చేశారు. కంకణం వారికే ఇప్పించండి!”

రాజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

“మరి ఆ పిల్లలు వేళకే రావచ్చు కదరా?”

“అందరి సంగతీ నాకు తెలీదు ప్రభూ. మా గంగులు మాత్రం తెల్లారకముందే తోటకు పోయి ఆకు కోసుకొచ్చి, ఏమీ తినకుండానే బడికి పరుగెడుతుంది. తమరు నములుతున్నది ఆ ఆకే.”

రాజు నమలడం ఆపేశాడు.

“ఒక్క పిల్లనూ బడి మాన్పించేది లేదు,” అన్నాడు. “రేపటి నుంచి ఆకు తేవడానికి బంటు వెళతాడు. బడిలో ముందు పిల్లలకు పొంగలి, తర్వాతే పాఠం. ఈ బెత్తాన్ని తోటలో తమలపాకు తీగకు ఊతంగా పాతండి.”

ఆపైన కంకణం శాస్త్రికి తొడగబోయాడు. వాచిన చేతికి అది వేళ్లు దాటి ఎక్కలేదు. ఎడమ చేతికి తొడుక్కుంటే అరిష్టమని శాస్త్రం చెప్పింది మళ్లీ శాస్త్రిగారే.

“సరే చిట్టెన్నా, శాస్త్రిగారి వాపు తగ్గేదాకా నువ్వు పెట్టుకో.”

చిట్టెన్న కంకణం తొడుక్కుని, శాస్త్రి వైపు తిరిగి దండం పెట్టాడు.

“ఇక ఇది నాదే ప్రభూ. సరస్వతీ ప్రసాదం అంత తేలిగ్గా తగ్గుతుందా!”

సభంతా ఘొల్లున నవ్వింది. చేతులు మంట పుడుతున్నా చప్పట్లు కూడా కొట్టారు.