గోడ పక్క ముప్పై అడుగులు

మైసయ్యను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. గడ్డి మంట వేసి, డప్పును దాని మీద తిప్పుతూ, తోలు బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసుకుంటాడు. అడిగినవాడికి ఓపికుంటే కూర్చోవాలి, లేదంటే లేచి పోవాలి. పదేళ్లుగా ఆయన దగ్గర దరువులు నేర్చుకుంటున్న ఎల్లేశం ఆ రోజు లేచి పోయేలా లేడు.

"పెద్దయ్యా, డప్పు కొడుతున్నమని మన తాతలను ఆమడ దూరం నిలవెట్టినోళ్లే ఇయ్యాల డప్పేసుకొని స్టేజీలెక్కుతున్నరు. పటేలు మనుమడు నిన్ను సావు దరువు నేర్పుమని వస్తుండట. నేర్పుతవా? డప్పు మనదా, ఎవలు వడితే వాళ్లదా?"

మైసయ్య మంటలో ఇంకో గుప్పెడు గడ్డి వేశాడు, అంతే.

ఆ మనవడు రిషికేశ్ సాయంత్రం రానే వచ్చాడు. పట్నంలో డప్పు నేర్చుకున్నాడు, చేతిలో పనితనముంది. ఎల్లేశానికి ఒళ్లు మండింది అందుకే. కొట్టడం రాకపోయుంటే నవ్వి ఊరుకునేవాడు.

"సావు దరువు సావుకాడనే నేర్వాలె. రేపు పొద్దుగాల మా వాడల బక్కవ్వను ఎత్తుతున్నం. మాతోని నడువు బిడ్డా," అన్నాడు మైసయ్య.

పొద్దున్నే పాడె ముందు ముగ్గురూ నడిచారు. వాడ దాటేదాకా రిషికేశ్ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బాగా కొట్టాడు. పటేలు ఇంటి గోడ మొదలయ్యేసరికి అరుగు మీద అతని నాయనమ్మ నిలబడి ఉంది. ఆమె ఊరికే చూసింది. రిషికేశ్ పుల్లలు ఆపేశాడు. డప్పును భుజం మీంచి దింపి, ఎవరిదో మోస్తున్నట్టు పక్కకు పట్టుకుని నడిచాడు.

దరువు పలచబడింది. ఆ లోటు ఎల్లేశం పూడ్చాడు. సరిగ్గా ఈ గోడ పక్కనే తన తాత డప్పు ఆపి, చెప్పులు చేత పట్టుకుని పోయేవాడని అమ్మ చెప్పేది. ఎల్లేశం కాళ్లకు చెప్పులున్నాయి. తలెత్తి, అరుగు మీది ముసలమ్మను చూస్తూనే కొట్టాడు. గర్వంతో అతని గుండె నిండిపోయింది. గోడ పొడవు ముప్పై అడుగులు. అది దాటాక రిషికేశ్ మళ్లీ అందుకున్నాడు, లయ ఏమాత్రం తప్పకుండా.

మట్టి చేసి వచ్చాక రిషికేశ్ మైసయ్య ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"తప్పయింది తాతా. మళ్లీ ఎప్పుడు రమ్మంటవ్?"

"ఊళ్లె సావులకు కరువా బిడ్డా? కబురు పంపుత."

అతను వెళ్లేదాకా ఎల్లేశం ఆగాడు. "నేనడిగినదానికి చెప్పకపోతివి పెద్దయ్యా. డప్పు ఎవలది?"

మైసయ్య డప్పును గోడకు తగిలించాడు.

"ఆ ముప్పై అడుగులు కొట్టినోనిది. రేపు ఆ పొల్లగాడు కొడితే, ఆనిది గూడ."