కదం కలపని నడక

వజ్రవేలుకు ఆ రోజు ఒళ్లు మండిపోయింది.

బర్మా సరిహద్దు కొండల్లో యుద్ధం జరుగుతున్న కాలమది. యుద్ధరంగానికి కాస్త ఇవతల, వెదురు పాకల్లో, ఒక స్వచ్ఛంద అంబులెన్సు దళం ఉండేది. తుపాకి పట్టబోమని చెప్పి, గాయపడ్డవాళ్లను మోయడానికి మాత్రం తమంతట తాముగా వచ్చినవాళ్లు. లారీ వెళ్లలేని చోటికి స్ట్రెచర్ పట్టుకుని నడిచి వెళ్లేవాళ్లు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఏకాంబరం వాళ్లలో ఒకడు. ఊళ్లో ఆయన గుడ్డమీద బొమ్మలు వేసేవాడు. ఆయన బయలుదేరితే శిష్యుడు వజ్రవేలు కూడా మూట సర్దుకుని వెంటపడ్డాడు.

స్ట్రెచర్ మోసేవాళ్లు కదం కలపరు. ముందువాడు ఎడమకాలు వేస్తే వెనకవాడు కుడికాలు వేస్తాడు. పెరేడు మైదానంలో కాళ్లు రాటుదేలిన సిపాయిల కంటికి అదొక వింత. ఆ పొద్దున దారిలో ఎదురైన మద్రాసు సిపాయిలు, మన భాషవాళ్లే, వజ్రవేలునీ అతని జతగాడు సామ్యేలునీ చూసి పగలబడి నవ్వారు.

"ఏమప్పా, కల్లంగడి నుంచేనా రావడం?" అన్నాడొకడు.

"వీళ్ల చేతికి తుపాకి ఇయ్యకపోవడమే మేలైంది," అన్నాడు ఇంకొకడు.

వజ్రవేలు పాకకు వచ్చి, సగంలో ఉన్న బొమ్మ ముందు కూర్చుని, ఆ కోపమంతా కుంచెకు పట్టించాడు.

ఆ బొమ్మ పట్నంలో జరగబోయే ప్రదర్శనకు వెళ్లాలి. దాన్ని చూసి కొందరైనా దళంలో చేరతారని పెద్దల ఆశ. లారీ సాయంత్రమే బయలుదేరుతుంది. ఏకాంబరం ఆ పని మొత్తం శిష్యుడికే వదిలేశాడు, ఒక్క కళ్లు తప్ప. వాళ్ల పనిలో కళ్లు చివరన పెడతారు. అదీ గురువే పెట్టాలి. ఏనాడైతే గురువు కుంచె అందుకోకుండా "నువ్వే పెట్టు" అంటాడో, ఆనాటితో శిష్యుడు పూర్తి చిత్రకారుడైనట్టు. ఆ మాట కోసం వజ్రవేలు ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. ఈ బొమ్మతో ఆ మాట వచ్చి తీరుతుందని అతని ధీమా.

బొమ్మ నిజంగానే బాగా వచ్చింది. కొండదారిలో స్ట్రెచర్లు బారులు తీరి పోతున్నాయి. మోసేవాళ్ల ఛాతీలు విప్పారి ఉన్నాయి, తలలు ఎత్తి ఉన్నాయి. ఎడమకాళ్లన్నీ ఒక్కసారే లేచాయి. చూస్తే దండయాత్రకు పోతున్నారనే అనుకోవాలి.

"ఎట్లుండాది అయ్యోరా?" అని అడిగాడు.

ఏకాంబరం చాలాసేపు చూశాడు. "రంగులు బాగా కుదిరినాయి. అయితే మనం ఇట్ల నడవం గదరా?"

"నడవం. నాకు తెల్దా? బొమ్మలోనన్నా మగోళ్ల మాదిరి నడవనీ అయ్యోరా. పొద్దున వాళ్లు ఎంత నవ్వినారో మీకేం తెలుసు!"

ఏకాంబరం ఊఁ కొట్టి, మూలనున్న స్ట్రెచర్ తెచ్చి నేలమీద పరిచాడు.

"పండుకో."

"నేనా? నాకేమైంది?"

"పండుకోరా."

వజ్రవేలు పడుకున్నాడు. ఎందరినో మోశాడు గాని, తను ఎక్కడం అదే మొదలు. ముందు కర్రలు సామ్యేలు పట్టాడు. వెనక, తలవైపు కర్రలు ఏకాంబరం పట్టాడు.

"వీడి బొమ్మలో ఉన్నట్టే నడుస్తాం. ఎడమ... కుడి..." అన్నాడు ఏకాంబరం.

ఇద్దరి కాళ్లూ ఒక్కసారే నేలను తన్నాయి. అడుగడుక్కీ స్ట్రెచర్ గుడ్డ అతన్ని పైకి ఎగరేసి పట్టుకుంటోంది. వజ్రవేలు రెండు చేతులా కర్రలు పట్టుకున్నాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"ఆపండి అయ్యోరా! పేగులు నోట్లోకొస్తా ఉండాయి!"

"నీకింకా కాలు విరగలేదు గదా. ఓర్చుకో," అన్నాడు ఏకాంబరం.

ఇంకొంత దూరం అలాగే కుదిపి, "సామ్యేలూ, ఇంక మన నడక," అన్నాడు.

కుదుపు ఆగిపోయింది. వాళ్లు నిలబడిపోయారేమో అనుకున్నాడు వజ్రవేలు. కాదు, చెట్ల కొమ్మలు వెనక్కి పోతూనే ఉన్నాయి. తల కాస్త వెనక్కి వంచి పైకి చూశాడు. తలకిందులుగా గురువు ముఖం కనిపించింది. ఆ కళ్లు అతని మీదే ఉన్నాయి. రోడ్డు మీద ఎవరో ఈల వేసి కేక పెట్టారు. ఆ కళ్లు అటు తిరగలేదు.

తను వెనక కర్రలు పట్టినప్పుడల్లా గాయపడ్డవాళ్లు తన ముఖంలోకే ఎందుకలా చూసేవారో వజ్రవేలుకు ఇప్పుడు తెలిసింది. ఈ నడకకా తను సిగ్గుపడింది!

దిగీ దిగగానే పాకలోకి పరుగెత్తాడు. కాళ్ల మీద, తలల మీద సుద్ద పూసి, ఆరేదాకా విసిరి, మళ్లీ మొదలుపెట్టాడు. బారు చెదిరిపోయింది. ఒకరి ఎడమకాలికి ఇంకొకరి కుడికాలు వచ్చింది. ఎత్తిన తలలు కొన్ని వంగాయి. సామ్యేలు తొంగిచూసి, "ఇది మనమే!" అని అరిచాడు.

బయట లారీ హారన్ మోగింది. ఏకాంబరం లోపలికి వచ్చాడు. వజ్రవేలు లేచి కుంచె ఆయనకు అందించాడు.

ఏకాంబరం దాన్ని అందుకోలేదు. "నువ్వే పెట్టు," అన్నాడు.

వజ్రవేలు కుంచెను రంగులో ముంచాడు. ముందువాళ్ల కళ్లు దారిమీద పెట్టాడు. వెనకవాళ్ల కళ్లు కిందికి పెట్టాడు. అన్నీ అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూస్తే అతని ముఖం వాడిపోయింది.

"అయ్యోరా, ఎనకోళ్లకి రెప్పలే అగుపిస్తా ఉండాయి. పట్నంలో చూసేవాళ్లకి వీళ్ల కండ్లు కనపడవే?"

ఏకాంబరం రంగు ఆరిందో లేదో వేలితో చూసి, బొమ్మను మెల్లగా చుట్టసాగాడు.

"చూడాల్సినోడు పండుకొని ఉండాడు గదరా. వానికి కనపడతాయి."