కన్ను తెరవని పడవవాడు

అనగనగా ఏటి ఒడ్డున ఒక బొమ్మల ఊరు. ఆ ఊళ్ళో వరహాలు అని ఒక కోడలు ఉండేది. భర్త కొయ్యబొమ్మలు చెక్కితే, వాటికి ముఖాలు వరహాలు దిద్దేది. వాళ్ళకి ఒక ఆచారం ఉంది బుజ్జీ. ఒళ్ళంతా రంగులేశాక, అన్నిటికన్నా చివర కళ్ళు దిద్దాలి. కన్ను తెరవని బొమ్మ గడప దాటకూడదు. వరహాలు అత్తగారు సూరమ్మ గడప పక్కనే పీట వేసుకుని, ఒక్కో బొమ్మనీ చూసి మరీ పంపేది.

ఒకరోజు రేవు దగ్గరుండే నూకాలు వచ్చింది. చంకలో మూడేళ్ళ కూతురు. పడవ నడిపే ఆమె భర్త గవర్రాజు జ్వరమొచ్చి పోయి ఏడాదైంది. ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు.

"పిల్ల నాన్న ముఖం మరిచిపోతోందమ్మా. ఒక చిన్న పడవ, అందులో వేలెడంత ఆయన... చేసిపెట్టవూ?" అంది.

భర్త పడవనీ మనిషినీ చెక్కి ఇచ్చాక, వరహాలు అలవాటుకొద్దీ గులాబీ బుగ్గలు, మెలితిరిగిన మీసం, చేపల్లాంటి కళ్ళు దిద్దింది. నూకాలు చూసి, "ఈ పెళ్ళికొడుకెవరమ్మా? మా ఆయన మొహం మాడిన అట్టులా ఉండేది!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత వరహాలు ఆ రంగంతా గీకేసింది. ముందు ముదురు రంగు వేసింది. అది ఆరాక ముక్కు మీద, చెక్కిళ్ళ మీద, గడ్డం మీద లేత రంగు అద్దింది. ఎందుకలా? నీ ముఖమే తడిమి చూసుకో. ఎత్తుగా ఉన్నచోటే కదా వెలుగు ముందు పడేది! ముఖం బాగానే కుదిరింది. కానీ కళ్ళలో తెలుపు నిండుగా పెట్టేసింది. అంత చిన్న ముఖంలో అంత తెలుపా?

"దెయ్యాన్ని చూసినట్టు హడలిపోయాడే వీడు!" అంది సూరమ్మ.

ఈసారి నూకాలు నవ్వలేదు. "పోనీలే అమ్మా. నేనూ మరిచిపోతున్నానేమో" అంది.

ఆ మాట వరహాలుకి ముల్లులా గుచ్చుకుంది. ముఖం ఎలా ఉండేదని అడగడం మానేసి, "పడవలో ఏం చేసేవాడు నూకాలక్కా?" అని అడిగింది.

"ఏం చేస్తాడు, తెడ్డేస్తూ ఒడ్డుకేసి చూసేవాడు. నీళ్ళ మీద ఎండ కొడుతుంది కదా, కళ్ళు చికిలించేవాడు. ఎడమ కన్నయితే మూసే ఉండేది."

ఆ తర్వాత వరహాలు నాలుగు వెంట్రుకల కుంచె తీసింది. తెలుపు జోలికే పోలేదు. కుడి కంటికి సన్నటి చీలిక, అందులో ఒక చుక్క. ఎడమ కంటికి గోధుమరంగు గీత ఒక్కటే.

"కన్ను తెరవలేదేమిటే! గడప దాటనివ్వను" అంది సూరమ్మ.

వరహాలు బొమ్మని పిల్ల అరచేతిలో పెట్టింది.

పిల్ల దాన్ని వాకిలి వైపు ఎత్తి చూసింది. ఎండ నేరుగా తన ముఖాన పడింది. అప్పుడు పిల్ల కుడి కన్ను చికిలించింది. ఎడమ కన్ను మూసేసింది. అచ్చం బొమ్మలాగే!

సూరమ్మ పిల్లనీ బొమ్మనీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత పీట తీసి పక్కకి జరిగింది.

"పట్టుకెళ్ళు తల్లీ. వీడికి మనం కన్ను తెరిపించక్కర్లేదు, చూస్తూనే ఉన్నాడు."

కుంచె గూటికి, పడవ రేవుకి,
కథ కంచికి, కన్ను నిద్దరకి,
మనమేమో దుప్పట్లోకి!