పగవాడి కోసం పాతరలో దిగిన ఇన్నమ్మ

పల్నాటి నాపరాళ్ళ నేలలో, వాగు ఒడ్డున, రేగులపాడు పాతరమాత గుడి ఉంది. పాతర అంటే ధాన్యం నిలవచేసే నేలగొయ్యి. దేవమాత మరియతల్లికి ఆ పేరేమిటని కొత్త యాత్రికులు తప్పక అడుగుతారు. అడగకపోయినా ఊరివారు ఊరుకోరు, కూర్చోబెట్టి మరీ చెబుతారు.

పూర్వం ఇక్కడ యుద్ధాలు సాగే రోజుల్లో, క్రైస్తవులు శత్రువుకు దారి చూపుతున్నారని కోట ప్రభువుకు ఎవరో నూరిపోశారు. సిపాయిలు ప్రార్థనశాలను కాల్చి, మగవారిని చెరలో వేశారు. మరియతల్లి ప్రతిమను అప్పగిస్తే దాన్ని పగలగొట్టి, మిమ్మల్ని వదిలేస్తామన్నారు. ప్రతిమ ఎక్కడుందో తెలిసిన రాయప్ప ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పలేదు. అతని భార్య ఇన్నమ్మ దాన్ని తమ పాతరలో, జొన్నల కింద దాచింది. ఆ కొయ్య ప్రతిమ బయటపడితే, భర్త పడిన దెబ్బలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

కోట దండుకు తిండి కరువై, దాని నాయకుడు దళవాయి కొండలరాయుడు తన మనుషులతో గింజల కోసం ఊరి మీద పడ్డాడు. ఇన్నమ్మ పెరట్లో పాతర మూత ఎత్తించాడు. గురవడనే పడుచు సిపాయి దిగబోయాడు.

మూసి ఉంచిన పాతరలో గాలి విషమవుతుంది. ఆ సంగతి సేద్యగాళ్ళకు తెలుసు, కోటలో పెరిగిన వాళ్ళకు తెలియదు. ఇన్నమ్మ ఊరుకుంటే కాగల కార్యం గంధర్వులే తీర్చేవారు. దిగినవాడు చచ్చేవాడు, మిగిలినవాళ్ళు దడుచుకుని పోయేవారు. ఆమె మనసు ఆ మాటా అన్నది. కానీ నోరు వినలేదు.

“ఆగు నాయనా, ఇప్పుడే దిగబాక. ముందు దీపం దించాల. అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాల.”

“గింజల మీద ఎంత తీపే నీకు,” అని దళవాయి నవ్వాడు. గురవడు దూకాడు. రెండో మాట లేకుండా గింజల మీద కూలబడ్డాడు.

సిపాయిలు కొయ్యబారిపోయారు. ఇన్నమ్మ వేపమండల కట్టకు తాడు కట్టి పాతరలో పైకీ కిందికీ ఆడించి, లోపలి గాలిని కదిలించింది. మోకు నడుముకు బిగించుకుని, రెండో కొస దళవాయి చేతిలోనే పెట్టింది. “నేను లాగితే లాగండయ్యా,” అని ఊపిరి బిగబట్టి దిగింది. తన భర్తను కట్టి తీసుకుపోయిన చేతులవి. ఆ చేతులే ఆమెనూ, గురవణ్ణీ పైకి లాగాయి.

గురవడు దగ్గి, కళ్ళు తెరిచాడు. అతను పడిన చోట జొన్నలు చెదిరి, మరియతల్లి ముఖం పైకి తేలింది. దళవాయి చూశాడు. ఇన్నమ్మ కూడా చూసింది, కానీ దాచబోలేదు.

“ఆ తల్లిని తీసుకుపోతే పోండి. ముందు ఈ పిల్లోడి నోట్లో ఇంత అంబలి పొయ్యనీయండి.”

“నీ మగడు మా చెరలో ఉన్నాడు. వీణ్ణెందుకు బతికించావు?”

“తనను కొట్టినోళ్ళను మన్నించమని ఈ తల్లి బిడ్డ పైనున్న తండ్రిని వేడుకున్నాడయ్యా. నాకు ఇంకో దారేది?”

దళవాయి ప్రతిమను ముట్టకుండా వెనుదిరిగాడు. కోటకు వెళ్ళి, ప్రభువు ముందు తలపాగా తీసి పెట్టాడు. “ఈ జనం ద్రోహులైతే నా మనిషి బతికేవాడు కాదు. వీళ్ళను విడిచిపెట్టండి, లేదా నన్నూ వీళ్ళతోనే కట్టెయ్యండి,” అన్నాడు. చెర తలుపులు తెరుచుకున్నాయి. రాయప్ప తనవారితో కీర్తన పాడుతూ ఊళ్ళోకి వచ్చాడు. కాలిన ప్రార్థనశాలకు బదులు ఇన్నమ్మ పెరట్లోనే కట్టిన కొత్త గుడికి మొదటి రాయి గురవడు మోశాడు. ఆ పాతరను పూడ్చకుండా, దాని అంచునే ప్రతిమకు పీఠం కట్టారు.

నేటికీ పండుగనాడు పాతర మూత తీసి దీపం దించుతారు. అది నిలకడగా వెలిగేవరకు ఎవరూ మాట్లాడరు. తమకు కీడు చేసినవారిని తలుచుకుని వేడుకుంటారు. తరువాత ఆ పాతరలో నిలవచేసిన జొన్నలతో అంబలి కాస్తారు. మొదటి దొప్ప పగవాడిది. వాడు గుడికి రాకపోతే, దొప్ప పట్టుకుని వాడి గడపకే వెళ్ళాలి. అలా వెళ్ళినవారి ఇంట తల్లి దయ నిలుస్తుందని పెద్దల మాట. ఆ పూట రేగులపాడులో ఏ ఇంటి తలుపూ మూసి ఉండదు.