ఎత్తిన కాలు

ముందే ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి.

అనగనగా వాగుకు అవతల ఒక అడవిలో కర్రోడు, ఎర్రోడు అని రెండు అడవిదున్నలు ఉండేవి. అన్నదమ్ములే. ఉప్పుమట్టి దిబ్బను ముందు ఎవరు నాకాలని మొదలైన పోట్లాట పన్నెండేళ్ళు నడిచింది. మంద రెండుగా చీలింది. ఆ కొమ్ముల చప్పుడుకి మబ్బులు దారి మార్చుకుని పోయేవంటే నమ్మండర్రా. ఇంతా చేసి దున్నలకు తగిలింది నాలుగు గీతలు. గడ్డిలో ఉన్న కుందేళ్ళూ, కంజుపిట్టలూ మాత్రం గిట్టల కింద నలిగిపోయేవి.

ఆ గడ్డిలోనే సింగారి అనే తీతువు పిట్ట ఉండేది. నాలుగు గుడ్లు పెడితే దున్నల గిట్టల కింద మూడు పోయాయి. మిగిలిన ఒక్క పిల్లకు ఇంకా రెక్కలు రాలేదు. దున్నలను ఆపగల ఒళ్ళు ఎవరికుంది? వాగుకు ఇవతలి ఏనుగులకే. సింగారి వెళ్ళి వాటి ముందు కూసింది.

ఏనుగులు చెవులు మూసుకున్నాయి. ఆ చెవుల గాలికి ఆరు చెట్లు విరిగాయి. తీతువు కూస్తే కీడని వాటి భయం.

"కీడు వచ్చాకే కూస్తున్నాను తల్లీ" అంది సింగారి. ఎవరూ వినలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఏనుగుల పెద్ద గున్నమ్మ అంతా విన్నది. ఏడ్చింది కూడా. ఆ కన్నీళ్ళకి వాగు మూడు మూరలు పెరిగింది. కాని అన్నదమ్ముల తగువు వాళ్ళింటి విషయం, బయటివాళ్ళం తలదూర్చకూడదని నచ్చజెప్పి పంపేసింది.

మూడోనాడు సింగారి కూయలేదు. పిల్లను తాబేలు వీపు మీద వాగు దాటించింది. గున్నమ్మ అడుగు వేయబోతూ కాలెత్తగానే, పిల్లను ఆ కాలి కిందికి తోసింది.

కాలు గాలిలోనే ఆగిపోయింది. "ఓసే, నీకు మతి పోయిందా? తియ్యి దాన్ని."

"దించు పెద్దమ్మా. ఇది మా ఇంటి విషయం. నువ్వు తలదూర్చకూడదుగా."

గున్నమ్మ పొద్దుగూకేదాకా మూడు కాళ్ళ మీదే నిలబడింది. రెండు రోజులు నిలబడిందని చెప్పినా తప్పులేదు. కింద పిల్ల మెడ ఎత్తి చూస్తోంది. ఇవతల ఒక్క పిల్ల మీద దిగనన్న కాలు, అవతల అంతమంది నలుగుతుంటే ఎలా ఊరుకుంది? గున్నమ్మకు సిగ్గేసింది. ఎత్తిన కాలిని తీసుకెళ్ళి నేరుగా వాగులో వేసింది. వెనకే నాలుగు వందల ఏనుగులు దిగాయి.

రెండు మందల మధ్యా గోడలా నిలబడ్డాయి. కర్రోడు వచ్చి గున్నమ్మ కాలిని గుద్ది, ఏడు పల్టీలు కొట్టి ఉప్పుదిబ్బలో కూరుకుపోయాడు. మీరు ఎవరి పక్షమని అడిగాడు ఎర్రోడు.

"గడ్డిలో ఉన్నవాళ్ళ పక్షం. మీ తగువు మీరు తీర్చుకోండి. గిట్ట మాత్రం గడ్డిలో పడిందా, వచ్చి నీ మీద కూర్చుంటాను" అంది గున్నమ్మ.

ఎర్రోడు ఆవిడ కూర్చునే భాగాన్ని ఒకసారి తేరిపార చూసి, వెనక్కి తగ్గాడు.

కుందేళ్ళూ కంజులూ ఏనుగుల పొట్టల కింద నీడలో వరసగా నడిచి వాగు ఒడ్డుకు చేరాయి. సింగారి ఆకాశం చిల్లులు పడేలా కూసింది. ఆ రోజు ఒక్క ఏనుగూ చెవి మూసుకోలేదు. అన్నీ తొండాలెత్తి వంత పాడాయి.

నీతి: పొరుగున చిన్నవాళ్ళు నలిగిపోతుంటే అది వాళ్ళింటి విషయం మాత్రమే కాదు, ఆపగల బలమున్న ప్రతివాళ్ళ పని.

అదిగో, ఎదురింటి దూడ అరుస్తోంది. పలుపు మెడకు చుట్టుకున్నట్టుంది. మనది కాదుగా అని కూర్చోకండి. లేచి పోయి విప్పి రండి.