రాజుగారి సైటు, వీరమణి కాపీ

భీమవరంలో నూకరాజు ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు. అంత తెలివి ఊరికే పాడైపోతోందని నూకరాజు, తమ్ముడు తాతారావు కలిసి వీధి గదిలో కంప్యూటరు పెట్టి, "ఇచ్చట వెబ్‌సైట్లు చేయబడును" అని బోర్డు రాయించారు. నూకరాజు పెళ్ళాం వీరమణి ఆ బోర్డుకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

"చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లండీ మాది. ఒక్క అక్షరం అటూ ఇటూ పోనివ్వం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

వాళ్ళకి ఆ పని నేర్పింది నూకరాజు మేనకోడలు హేమసుందరి. ఏలూరులో కాలేజీ పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఇడ్లీకి ఇడ్లీ రేకు ఉన్నట్టే సైటుకీ ఒక మూస ఉంటుంది. ఆ మూస నెట్‌లోంచి తెచ్చుకుని, అందులో పేర్లూ ఫొటోలూ పోస్తే సైటు తయారు. కానీ వాళ్ళ వీధిలో నెట్ నత్తకి తమ్ముడు. మూస దిగడానికి పూటంతా పట్టేది. పని కాగానే దాన్ని శుభ్రంగా చెరిపేసి, మర్నాడు ఇంకో సైటుకి మళ్ళీ అదే మూస తెప్పించేవాళ్ళు!

ఇలా ఉండగా ఒక మంగళవారం రొయ్యల చెరువు రామభద్రరాజు గారు వచ్చారు.

"శుక్రవారం చెన్నై నుంచి రొయ్యలు కొనేవాళ్ళు దిగుతున్నారయ్యా. ముందు సైటు చూసి గానీ చెరువు దగ్గరికి రారట. అది లేకపోతే పక్కవాడి రొయ్యలు పట్టుకుపోతారు. నా పంట నీ చేతిలో ఉంది" అన్నారు.

నూకరాజు తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. పంటేమీ కనపడలేదు. అయినా పెద్దమనిషి మాట కదా అని ఊరుకుని హేమకి ఫోన్ చేశాడు.

"ఎన్నిసార్లని నెట్‌లోంచి తెస్తారు మావయ్యా?" అంది హేమ. "ఇంట్లోనే ఒక కాపీ పెట్టుకోండి. తేదీ వేసి దాచుకోండి. పని పడినప్పుడు కొత్తది వచ్చిందేమో ఒకసారి అడగండి. రాలేదంటే పాత కాపీయే వాడెయ్యండి."

ఇంకేముంది! వీరమణి పొయ్యి వెలిగించింది. పెద్ద గిన్నె నిండా కాపీ పెట్టింది. తాతారావు దాన్ని సీసాల్లో పోసి, ఒక్కోదాని మీద "మంగళవారం" అని చీటీ అంటించాడు. నూకరాజు వాటిని బీరువాలో పట్టుచీరల కింద దాచాడు.

గురువారం పొద్దున్నే రాజుగారు వచ్చారు. "ఏదీ నా సైటు?"

"దానికోసమే కాపీ పెట్టామండీ, కూర్చోండి" అంది వీరమణి. "తాతారావూ, కొత్తది వచ్చిందేమో అడిగిరా."

తాతారావు వీధి చివర హోటలుకి పరిగెత్తాడు. అక్కడ పాలు విరిగిపోయాయి, కొత్త కాపీ లేదన్నారు. అంతే! సీసా మూత తీసి పాతదే గ్లాసులో పోసి రాజుగారి చేతిలో పెట్టారు. ఆయన గుక్కెడు తాగి, కళ్ళు తేలేశారు.

"ఏంటమ్మా ఇదీ?"

"మంగళవారందండీ! ఇదిగో, తేదీ కూడా ఉంది!"

రాజుగారు పెరట్లోకి పరిగెత్తారు. కాసేపటికి తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, "రేపు పొద్దుటికి సైటు లేకపోతే మీ బోర్డు పీకిస్తాను" అని వెళ్ళిపోయారు.

నూకరాజు మళ్ళీ హేమకి ఫోన్ చేశాడు.

"కాపీ పెట్టారా?" అంది.

"పెట్టామే. రాజుగారికి పడలేదు."

పిల్లకి అర్థం కాలేదు. క్లాసుకి వేళవుతోంది. "అది బాగా ఉంటే నెట్ లేకపోయినా పని ఆగదు మావయ్యా. ఒకసారి నెట్ తీసేసి చూడండి" అని పెట్టేసింది.

"ఎవరి నెట్?" అన్నాడు తాతారావు.

"పని రాజుగారిది కదరా. మనింటి నెట్ తీస్తే ఏం లాభం?" అన్నాడు నూకరాజు.

రాజుగారి చెరువు మీద పిట్టలు వాలకుండా పెద్ద నెట్ కట్టి ఉంది. అన్నదమ్ములు మోపెడ్ మీద వెళ్ళి, కొడవలితో తాళ్ళన్నీ కోసి, నెట్ చుట్టేసి గట్టున పెట్టారు. ఇంకేముంది! కొల్లేటి కొంగలన్నీ కబురందినట్టు వాలిపోయాయి. వెనకాలే నీటికాకులు.

తాతారావు సంబరంగా ఫోన్ చేశాడు. "హేమా! నెట్ తీసేసినా పని ఆగలేదే! ఇంకా జోరందుకుంది!"

"ఎవరి పని చిన్నమావయ్యా?"

"కొంగలదే!"

హేమ కాలేజీకి సెలవు పెట్టి, దొరికిన రైలెక్కి వచ్చి పడింది. అప్పటికి రాజుగారు కర్ర పుచ్చుకుని వీధిలో ఉన్నారు. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి, నెట్ మళ్ళీ కట్టించింది. తన దగ్గర దాచుకున్న మూసతో కూర్చుని గంటలో సైటు చేసేసింది. అప్పుడు అత్తని అడిగి జరిగిందంతా విని, ఈ ఇంట్లో కాపీ అన్న మాట జన్మలో ఎత్తనని ఒట్టు పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే రైలెక్కింది.

శుక్రవారం చెన్నై వాళ్ళు ఫోన్ చేశారు. సైటు చాలా బాగుంది, ఊళ్ళో దిగాం, చెరువు దగ్గరికి బయల్దేరాం అని ఇంగ్లీషులో అన్నారు. రాజుగారు చెరువు గట్టు మీద మురిసిపోయి, పోనీలే అని అన్నదమ్ములని కూడా పిలిపించారు. కానీ ఆయన ఫోనులో మాత్రం ఇంకా "పనులు జరుగుచున్నవి" అన్న పాత పేజీయే కనిపిస్తోంది. నూకరాజు హేమకి ఫోన్ చేసి అడిగాడు. ఫోను దాచుకున్న పాత కాపీని చెరిపెయ్యమని చెప్పబోయి, ఒట్టు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

"ఏం లేదు మావయ్యా, క్యాష్ ఖాళీ చెయ్యండి, అంతే."

అంతే! తాతారావు రాజుగారి జేబులోంచి పర్సు లాగి చెరువులో దులిపేశాడు. నూకరాజు ఫోను కవరు వెనక దాచిన నోటు కూడా వదలకుండా విసిరేశాడు. రాజుగారు "ఓరి మీ దుంపతెగ!" అంటూ నోట్ల వెనక చెరువులోకి దూకారు. ఛాతీ లోతు నీళ్ళు, అడుగున బురద. కాళ్ళు దిగబడిపోయాయి.

గట్టు మీద ఫోనులో పేజీ టక్కున మారింది. "వచ్చేసిందండోయ్!" అని ఎగిరాడు తాతారావు.

అప్పుడే చెన్నై వాళ్ళ కారు వచ్చి ఆగింది. రాజుగారు ఆ బురదలోంచి రెండు చేతులూ చాచి, "మునిగిపోతున్నాను, చెయ్యివ్వండ్రా!" అని అరిచారు.

అన్నదమ్ములు గబుక్కున చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"ఎంతమాట రాజుగారూ! నమ్మినవాళ్ళకి చెయ్యిచ్చే వంశం కాదండీ మాది!"

చెన్నై వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి, వాళ్ళే దిగి ఆయన్ని పైకి లాగారు.