అన్నం మానేసిన రాజు, పేర్లు తెలియని చీమ

వడ్లు పండినన్ని ఊళ్ళు, ఊళ్ళు ఉన్నన్ని కథలు ఉన్న ఆ రోజుల్లో, అనగనగా మాగాణిపురం అని ఒక రాజ్యం. దాని రాజు శాలివర్మ. శాలి అంటే వరి. పేరులోనే వరి ఉన్న మనిషి పళ్ళెంలో ఏముంటుందో నేను వేరే చెప్పాలా? పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. నడుమ నడుమ, అన్నం ఎప్పుడు పెడతారని అడగడం.

మంచి రాజే. ఆయన తగువు తీరిస్తే రెండు వైపులవాళ్ళూ నవ్వుతూ ఇళ్ళకు వెళ్ళేవారు. తిండి దగ్గరే తొందర. ముద్ద నోట్లో పెట్టడం, గుటుక్కున మింగడం. నమలడానికి దేవుడు పళ్ళిచ్చాడన్న సంగతే ఆయనకు గుర్తుండేది కాదు.

ఒక ఏడు రాజుగారి కుడికాలి బొటనవేలికి రాయి తగిలింది. చిన్న దెబ్బే. వారం గడిచింది, మానలేదు. నెల గడిచింది, పుండయింది. పైగా ఎంత నీళ్ళు తాగినా దాహం తీరదు, ఎంత పడుకున్నా నీరసం పోదు.

రాజవైద్యుడు ధరణీధరుడు వచ్చి నాడి చూశాడు. తర్వాత పెరటి గోడ వెనకున్న నల్లబండ దగ్గరికి రాజును తీసుకువెళ్ళి, దాని మీద మూత్రం పోయమన్నాడు. నవ్వకండి పిల్లలూ, ఆ రాజ్యంలో పరీక్ష అంటే అదే. కాసేపటికి బండ మీదికి బారులు తీరి చీమలు వచ్చాయి.

"ప్రభూ, మీ ఒంట్లో తీపి పొంగిపొర్లుతోంది. ఇది మధుమేహం," అన్నాడు వైద్యుడు. "మందు ఇస్తాను, కానీ మందొక్కటే చాలదు. ఈ రోజునుంచి అన్నం మానెయ్యండి. ఏరువాక పున్నమి ఇంకా మూడు నెలలుంది. అప్పటికీ ఈ పుండు మానకపోతే, ప్రాణం దక్కడానికి పాదం తీసెయ్యాల్సి వస్తుంది."

మాగాణిపురంలో ఏరువాక నాడు మొదటి చాలు రాజే దున్నాలి, అదీ చెప్పులు లేకుండా. రాజు చాల్లో నడిచేదాకా రాజ్యంలో ఎవరూ నాగలి పట్టరు. పాదం లేని రాజు చాల్లో ఎలా నడుస్తాడు? శాలివర్మ భయపడ్డాడు. రాజులకూ భయం ఉంటుంది, అందులో దాచేదేమీ లేదు.

"ఈ క్షణంనుంచి అన్నం ముట్టం," అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ రోజు ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్న రాజును చూసి వంటశాల పెద్ద కామన్నకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రాజుకు చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించినవాడు మరి. తల గోక్కుని ఒక ఉపాయం ఆలోచించాడు.

"ప్రభూ, వైద్యులవారు అన్నం మానమన్నారు గానీ ఫలహారం మానమనలేదు కదా. ఏకాదశి నాడు అన్నం తినని వాళ్ళు కూడా ఫలహారం చేస్తారు."

నిజమే అనిపించింది రాజుకు. పొద్దున పన్నెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఎనిమిది అట్లు, రాత్రికి గిన్నెడు ఉప్పుడుపిండి. పదిహేను రోజులు గడిచాక వైద్యుడు బండ దగ్గరికి తీసుకువెళ్ళాడు. చీమలు వచ్చాయి.

"అన్నం మానేశారా ప్రభూ?"

"ముట్టలేదు," అన్నాడు రాజు. అది అబద్ధం కాదు. వైద్యుడు కూడా మాగాణిపురం మనిషే. ఆయన లెక్కలోనూ అన్నమంటే పళ్ళెంలో తెల్లగా కుప్పపోసి ఉండేదే. ఏమీ తోచక మందు మార్చి వెళ్ళిపోయాడు.

రాజు ఫలహారం కూడా మానేశాడు. కామన్న మళ్ళీ వచ్చాడు. "తాగేదాన్ని తిండి అని ఎవరంటారు ప్రభూ?" అని చెంబుల కొద్దీ గంజి, పాలు పోసి కాచిన బియ్యపు జావ తెచ్చాడు. మరో పదిహేను రోజులు. ఈసారి చీమలు చుట్టాలను కూడా వెంటబెట్టుకుని వచ్చాయి.

రాజు జావ మానేశాడు. కామన్న మూడోసారి వచ్చి చేతులు జోడించాడు. "దేవుడి దగ్గర పెట్టిందాన్ని కాదనకూడదు ప్రభూ. ఇది ప్రసాదం." పులిహోర, దద్దోజనం, కట్టుపొంగలి. కళ్ళకద్దుకుని మూడేసి దొప్పలు. మరో పదిహేను రోజులు. చీమలు ఎప్పటిలాగే వచ్చాయి, వేలి పుండు మడమ వైపు పాకడం మొదలుపెట్టింది.

ఏరువాక ఇంక నెలన్నరే ఉంది. వైద్యుడు తలవంచుకుని వెళ్ళిపోయాడు. రాజు ఒక్కడే బండ పక్కన చతికిలబడి, ఆ చీమలకేసి చూస్తూ ఉండిపోయాడు. కోపం రాలేదు, వింతగా అనిపించింది. వీటికి ఎలా తెలుస్తోంది? ముందున్న గండుచీమను అడిగేశాడు.

"చీమా, మేము అన్నం మానేసి నెలన్నర అయింది. మీరింకా ఎందుకు వస్తున్నారు?"

చీమ ఆగింది. మీసాలు ఆడించింది. "అన్నమంటే ఏమిటి రాజా?"

పుట్టి బుద్ధెరిగాక రాజును ఎవరూ అడగని ప్రశ్న అది.

"అన్నమంటే అన్నమే. ఉడికించి, పప్పూ నెయ్యీ కలుపుకుని తినేది."

"మరి ఇప్పుడేం తింటున్నావు?"

"మొదట ఫలహారం. అంటే ఆవిరి మీద ఉడికించో, పెనం మీద కాల్చో, పచ్చడి నంజుకుని తినేది. తర్వాత జావ, అది తాగేది. ఇప్పుడు ప్రసాదం, కళ్ళకద్దుకుని తినేది."

"మాకు ఈ పేర్లేవీ తెలియవు," అంది చీమ. "తీపి ఉందా లేదా, అదొక్కటే తెలుసు. ఇవన్నీ ఎక్కణ్ణుంచి పుడతాయో చూద్దాం పద. నాకూ తెలుసుకోవాలని ఉంది."

రాజు చీమను చూపుడువేలి మీద ఎక్కించుకుని, కుంటుకుంటూ వంటశాల వెనక వసారాకు వెళ్ళాడు. అక్కడ గవరమ్మ అనే ముసలమ్మ తిరగలి తిప్పుతోంది. నలభై ఏళ్ళుగా ఆ ఇంటి పిండీ రవ్వా అన్నీ ఆమె చేతి మీదే. రాజును చూసి లేవబోయింది.

"కూర్చో గవరమ్మా. ఇడ్లీలోకి ఏం విసురుతావు?"

"బియ్యపు రవ్వ, మారాజా."

"అట్లకు?"

"బియ్యమే. నానబోసి, మినపప్పుతో రుబ్బుతాను."

"ఉప్పుడుపిండికి?"

"బియ్యపు నూక."

"జావకు?"

"బియ్యపు పిండి. ప్రసాదానికైతే నా పని ఉండదు మారాజా. అది వండిన అన్నమే కదా."

రాజు అక్కడే పిండి చేట పక్కన కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?"

"నన్ను ఎవరడిగారు?" అంది గవరమ్మ. "తమరు అన్నం మానేశారని విన్నాను. నాకేమో ఇదివరకటికంటే విసురుడు ఎక్కువైంది. రాజుగారింటికి చుట్టాలొచ్చారు కాబోలు అనుకున్నాను."

ఈ లోపల కామన్న పరుగున వచ్చాడు. సంగతి విని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "చక్కెర చిటికెడు వెయ్యలేదు ప్రభూ. ఉప్పటి ఇడ్లీలో, పుల్లటి పులిహోరలో తీపి ఎక్కడుంటుంది?"

"నమిలి చూడండి," అంది చీమ. "మింగకుండా."

సరే, కామన్న చేతే తెప్పించారు. ఒక ఇడ్లీ ముక్క, ఒక అట్టు ముక్క, గుప్పెడు ఉత్త అన్నం. రాజు ఇడ్లీ నోట్లో పెట్టుకుని జీవితంలో మొదటిసారి నమలడం మొదలుపెట్టాడు. కామన్న నమిలాడు. గవరమ్మ కూడా ఊరుకోలేక ఉన్న నాలుగు పళ్ళతో నమిలింది. పదిసార్లు, ఏమీ లేదు. ముప్ఫైసార్లు, చప్పగా ఉంది. అరవై దాటేసరికి రాజు కళ్ళు పెద్దవయ్యాయి.

"తియ్యగా అవుతోంది," అన్నాడు.

అట్టూ అంతే. అన్నమూ అంతే. ఆ తర్వాత తోటకూర వేపుడు, ఉడికిన గుడ్డు, చేప ముక్క తెప్పించి నమిలారు. నూరుసార్లు నమిలినా తోటకూర తోటకూరే, గుడ్డు గుడ్డే.

"ఇంత తీపిని రోజూ నా చేత్తోనే పోశాను," అని కామన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. రాజు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ప్రేమతో పెట్టావు, మేము ఆశతో తిన్నాం. అడగాల్సిన మాట ఇద్దరమూ అడగలేదు."

వైద్యుడికి కబురు వెళ్ళింది. ఆయన విని లెంపలు వేసుకున్నాడు. "తప్పు నాదీ ఉంది. బియ్యం తగ్గించమనాల్సింది, అన్నం మానమన్నాను. ఇప్పుడు తిండి మారుతోంది గనక మందు మోతాదు కూడా నేనే చూసి మారుస్తాను. తమరు సొంతంగా ముట్టుకోవద్దు."

ఆ రోజునుంచి రాజు పళ్ళెం మారింది. తోటకూర, బీరకాయ, వంకాయ కూరలు, గుడ్లు, చేపల పులుసు, నువ్వుల పొడి, పలచటి మజ్జిగ. మొదటి వారం నరకమే. తల నొప్పి, చిరాకు. కలలో కూడా అన్నం కుప్పలు కనిపించాయి. రెండో వారం కాస్త నయం. మూడో వారానికి దాహం తగ్గింది, నిద్ర పట్టింది.

బండ మీద చీమల బారులు పలచబడ్డాయి. తర్వాత ఒక్క వరస మిగిలింది. ఏరువాకకు నాలుగు రోజుల ముందు గండుచీమ ఒక్కటే వచ్చింది.

"నువ్వెందుకు వచ్చావు?" అని అడిగాడు రాజు.

"చెప్పిపోదామని. ఇక్కడ మాకు తినడానికి ఏమీ లేదు. మావాళ్ళు బెల్లం గానుగ వైపు వెళ్ళిపోయారు." గుమ్మంలోకి వచ్చిన అతిథి పస్తుతో వెళ్తుంటే రాజు సంతోషించడం అదొక్కసారే.

ఏరువాక పున్నమి వచ్చింది. పుండున్న చోట మచ్చ మిగిలింది, అంతే. శాలివర్మ నాగలి పట్టి, తడిమట్టిలో రెండు పాదాలూ మోపి, మొదటి చాలు ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా దున్నాడు. జనం కేరింతలు కొట్టారు. గట్టు మీద గవరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు కామన్న మూత పెట్టిన దొప్ప ఒకటి తెచ్చాడు. పాతబుద్ధి ఎక్కడికి పోతుంది. "ప్రభూ, ఇది అన్నం కాదు, ఫలహారం కాదు, జావ కాదు, ప్రసాదమూ కాదు."

"మరేమిటి?"

"పేరు ఇంకా పెట్టలేదు ప్రభూ."

"పెట్టకు కామన్నా. ముందు నమలనీ."

రాజు గట్టు మీద కూర్చుని నమిలాడు. నాగళ్ళు పట్టుకున్న రైతులందరూ నిలబడి గట్టిగా లెక్కపెట్టారు. అరవై దగ్గర రాజు నవ్వి, దొప్పను ఎద్దుల ముందు పెట్టాడు.

"అటుకులు మారాజా," అంది గవరమ్మ. "దంచింది నేనే. నన్ను అడిగితే నమలకుండానే చెప్పేదాన్ని."

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, పేరు మార్చి నాలుకను ఏమార్చవచ్చు గానీ ఒంటిని ఏమార్చలేం. పళ్ళెంలోకి వచ్చినదాని పేరు కాదు, అది దేనితో చేశారో అడగండి.